బొమ్మ కాదు, బొరుసు ముందు చూడాలి

నేను రిటైరైన ఏడాది మా అమ్మాయి ఒక చిన్న కవరు తెచ్చి చేతిలో పెట్టింది. లోపల మట్టి పట్టిన ఇరవై రాగి నాణేలు. చివరి కాలపు రోమన్ సామ్రాజ్యానివి, ఎక్కువగా నాలుగో శతాబ్దం నాటివి. "ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దావు కదా నాన్నా, ఇవీ దిద్దు" అంది. మొదటి నాణెం మీద తలకట్టున్న ఒక ముఖం, ఎడమ అంచున "కాన్‌స్టాన్" అనే ఏడు అక్షరాలు కనిపించాయి. ఇంకేముంది, "కాన్‌స్టాంటైన్ చక్రవర్తి" అని చీటీ రాసి పక్కన పెట్టేశాను. నాలుగు నెలల తర్వాత గానీ అది తప్పని తెలియలేదు.

ఆ నాణెం బొరుసు వైపు రెక్కలున్న ఇద్దరు విజయదేవతలు దండలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడి ఉంటారు. ఆ బొమ్మ వేసింది 347, 348లలో. కాన్‌స్టాంటైన్ 337లోనే పోయాడు. బొరుసు ముందు చూసుంటే ఆ చీటీ రాసేవాణ్ణే కాదు.

ఆ కాలపు రాజుల ముఖాలు మనిషిని చూసి చెక్కినవి కావు. పెద్ద కళ్లు, నిటారు మెడ, ముత్యాల తలకట్టు, అందరికీ ఒకటే అచ్చు. పైగా తండ్రి కాన్‌స్టాంటైన్, కొడుకులు రెండో కాన్‌స్టాంటైన్, కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్. నలుగురి పేర్లలోనూ మొదటి ఏడు అక్షరాలు ఒకటే. ముఖం చూసి పేరు ఊహించడమంటే శీర్షిక చూసి లోపలి వార్త దిద్దేయడం లాంటిది. అందుకే నా వరస ఇది: బరువు, బొరుసు మీద బొమ్మ, బొరుసు అడుగున అక్షరాలు, ఆఖర్న పేరు.

పెద్ద సరంజామా అక్కర్లేదు. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న త్రాసు, వ్యాసం కొలిచే వెర్నియర్ కాలిపర్, పదింతలు పెద్దదిగా చూపించే భూతద్దం, మెడ వంచగలిగే టేబుల్ లైటు ఉంటే చాలు. లైటు పైనుంచి వేయకండి. బల్లకు దాదాపు ఆనించి పక్కనుంచి వేస్తూ నాణేన్ని మెల్లగా తిప్పండి. నేరుగా చూస్తే కనపడని అక్షరం వాలు వెలుతురులో నీడ పడి లేస్తుంది.

బరువు ఎందుకంటే, ఆ శతాబ్దంలో రాగి నాణెం మొత్తం మీద చిక్కిపోతూ వచ్చింది. డయోక్లీషియన్ చక్రవర్తి 294 ప్రాంతంలో తెచ్చిన పెద్ద నాణెం పది గ్రాముల దాకా ఉండేది. 330 నాటికి అది రెండున్నర గ్రాములకు దిగింది, 336 నాటికి ఒకటిన్నరకు. శతాబ్దం చివరి చిన్న నాణేలు గ్రాము తూగితే గొప్ప. అంటే త్రాసు మీద పెట్టగానే ఏ దశాబ్దాల్లో వెతకాలో కొంత తెలిసిపోతుంది.

తర్వాత బొరుసు. మీ చేతికి తరచూ వచ్చేవి నాలుగైదు రకాలే, వాటిని గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే. ఇద్దరు సైనికులు ఈటెలతో నిలబడి ఉంటే అది "గ్లోరియా ఎక్సెర్సిటస్", సైన్యానికి కీర్తి అని. ఇక్కడ సైనికుల్ని కాదు, వాళ్ల మధ్య జెండా కర్రల్ని లెక్కపెట్టండి. రెండుంటే 330 నుంచి 335 లోపు. ఒకటే ఉంటే ఆ తర్వాతి ఐదారేళ్లు. నాణెం చిన్నదైంది, రెండో జెండాకు చోటు లేకపోయింది! తోడేలు ఇద్దరు పసివాళ్లకు పాలిస్తుంటే రోమ్ నగరం పేరిట 330 నుంచి వేసింది. గుర్రం మీంచి పడిపోతున్నవాణ్ణి సైనికుడు ఈటెతో పొడుస్తుంటే 348లో మొదలైన "ఫెల్ టెంప్ రెపరాటియో". మంచి రోజులు మళ్లీ వచ్చాయని దాని అర్థం. ఏ కాలంలోనైనా సర్కారు ప్రకటన ఇలాగే ఉంటుంది కాబోలు. ఆ మాట వేసిన కొన్నేళ్లలోనే నాణెం సగానికి సగం చిక్కిపోయింది.

ఇక అడుగు. బొరుసు మీద బొమ్మ కాళ్ల కింద గీత ఉంటుంది, ఆ గీత కింద నాలుగైదు అక్షరాలు. పుస్తకం చివర ముద్రణాలయం పేరు వేసినట్టు, అది టంకశాల గుర్తు. నాకు ఎక్కువ ఆనందం ఇచ్చేది ఇదే. "ఎస్ఎం" అంటే సాక్రా మొనేటా, పవిత్ర టంకశాల. దాని తర్వాత కె ఉంటే సిజికస్, ఎన్ ఉంటే నికోమీడియా, హెచ్ ఉంటే హెరాక్లియా, ఏఎన్ ఉంటే ఆంటియోక్, అన్నీ ఇప్పటి టర్కీలోవే. "టీఆర్" జర్మనీలోని ట్రయర్, "ఎస్ఐఎస్" సిస్సియా, అంటే ఇప్పటి క్రొయేషియాలోని సిసాక్. "పీఎల్ఎన్" కనిపిస్తే లండన్. ఆ టంకశాల 325 ప్రాంతంలో మూతపడింది. ఊరి గుర్తుతో పాటు ఏ వర్క్‌షాప్‌లో కొట్టారో చెప్పే అక్షరం ఇంకొకటి ఉంటుంది. పడమటి ఊళ్లలో ఎక్కువగా లాటిన్ లెక్క: పి, ఎస్, టి, క్యూ, అంటే ఒకటి, రెండు, మూడు, నాలుగు. తూర్పున గ్రీకు లెక్క: ఆల్ఫా, బీటా, గామా, డెల్టా.

ఇక్కడే నేను రెండోసారి బోల్తా పడ్డాను. "కాన్స్" అని ఉంటే కాన్‌స్టాంటినోపుల్ అనుకున్నాను. ఫ్రాన్స్‌లోని ఆర్ల్ నగరానికి కూడా 328లో కాన్‌స్టాంటినా అని పేరు మార్చారు, దాని గుర్తూ "కాన్‌స్ట్" అనే. అప్పుడు వర్క్‌షాప్ అక్షరం ఎక్కడుందో చూడాలి. పి, ఎస్ లాంటిది ముందుంటే ఆర్ల్, ఆల్ఫా, బీటా లాంటిది వెనక ఉంటే కాన్‌స్టాంటినోపుల్.

ఇవన్నీ అయ్యాక నాణేన్ని ముఖం ఉన్న వైపుకు తిప్పి పేరు చదవండి. కాగితం మీద గుండ్రం గీసి, గడియారంలో ఏడు గంటల చోటు నుంచి కుడిగా తిరుగుతూ కనిపించిన అక్షరం కనిపించిన చోటే రాయండి. కనిపించని చోట చుక్క పెట్టండి, ఊహించి నింపకండి. ప్రూఫులో అర్థం కాని మాటను సొంతంగా పూరించేవాడు ఎంత ప్రమాదమో నాకు తెలుసు. తల పైభాగం దగ్గర పేరు రెండుగా విరుగుతుంది, ఆ విరుపే అసలు ఆధారం. తర్వాతి చక్రవర్తుల్లో వాలెన్స్ పేరు ఎడమ "వాలెన్" అని ఆగి కుడివైపు ఒంటరి "ఎస్"తో మొదలవుతుంది. వాలెంటీనియన్ పేరు ఎడమవైపు ఇంకా సాగి, కుడివైపు "ఏఎన్‌వీఎస్" అని మొదలవుతుంది. నా మొదటి నాణెం తగువూ ఇలాగే తీరింది. ఎడమ ఏడు అక్షరాలు అయ్యాక తల, కుడివైపు మొదట "ఎస్", ఆ వెంటనే "పి ఎఫ్ ఏవీజీ" అనే చక్రవర్తి బిరుదుల పొట్టి అక్షరాలు. మరో అక్షరానికి చోటే లేదు. కాన్‌స్టాన్స్!

అక్షరాలు పుస్తకంలో ఉన్నట్టు ఉండవు. యు బదులు వి ఉంటుంది, ఏకి అడ్డగీత తరచూ ఉండదు, ఎం నాలుగు పుల్లల్లా ఉంటుంది. ఎస్, ఎన్ తిరగబడి ఉంటే మీ కళ్లది తప్పు కాదు. ముద్రను అద్దంలో చూసినట్టు తిప్పి చెక్కాలి. అది చేతకానివాడు మామూలుగా చెక్కితే నాణెం మీద తిరగబడి పడుతుంది. 350ల్లో దొంగచాటుగా కొట్టిన నకళ్లలో ఇవి బోలెడు. సీసం అక్షరాలు ఎడంచేతి స్టిక్కులో తలకిందులుగా పేర్చే కంపోజిటర్ల మధ్య బతికిన నాకు, పదహారు వందల ఏళ్ల నాటి అప్పుతచ్చులు చూస్తే చుట్టాల్ని చూసినట్టుంటుంది.

చేతిలో ఉన్న ఆధారాలతో పోల్చుకోవడానికి అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ఉచిత ఆన్‌లైన్ రోమన్ నాణేల జాబితా ఉంది. రాజు, టంకశాల, బొరుసు మాట ఇచ్చి వెతకొచ్చు.

498 దాటితే పని తేలిక. ఆ ఏడాది తూర్పు రోమన్ చక్రవర్తి అనస్తాసియస్ రాగి నాణెం బొరుసు మీద విలువే పెద్దక్షరంలో వేయించాడు. ఎం అంటే 40 చిన్న కాసులు, కె అంటే 20, ఐ అంటే 10, ఇ అంటే 5. తర్వాతి చక్రవర్తి జస్టీనియన్ తన పన్నెండో ఏడు నుంచి, అంటే 538-539 నుంచి, పాలనా సంవత్సరం కూడా వేయించాడు. ఎం ఎడమవైపు "ఆన్నో", కుడివైపు అంకె, కాళ్ల మధ్య వర్క్‌షాప్, అడుగున ఊరు. ఆంటియోక్ కోసం వెతికి "థియూప్" దొరికితే ఖంగు తినకండి. 528 భూకంపం తర్వాత ఆ ఊరికి థియోపోలిస్, దేవుడి నగరం అని పేరు పెట్టారు. ఆ తర్వాతి చక్రవర్తి హెరాక్లియస్ (610–641) నాణేల్లో మాత్రం పాత నాణెం మీదే కొత్త ముద్ర కొట్టినవి ఎక్కువ. ఒక కాగితం మెషిన్లోకి రెండుసార్లు వెళ్లినట్టు రెండు రాతలు కలిసిపోయి ఉంటాయి. పై రాతను ఒక రంగుతో, కింది రాతను ఇంకో రంగుతో గీసుకుంటేనే తేలతాయి.

పక్కనే ఉన్న పర్షియా ససానియన్ రాజుల వెండి నాణేలు, ద్రాక్మాలకు కిరీటమే పేరు, ఒక్కో రాజుది ఒక్కో రకం. బొరుసు మీద అగ్నివేదికకు కుడివైపు ఊరు, ఎడమవైపు పాలనా సంవత్సరం, పాత పర్షియా పహ్లవీ లిపిలో. 696-697 నాణేల సంస్కరణ తర్వాతి అరబ్ బంగారు దీనార్ల మీద బొమ్మే లేదు, అంతా రాత. సంవత్సరం కూడా మాటల్లో ఉంటుంది. ఇంగ్లండ్‌లోని మెర్సియా రాజ్యపు రాజు ఓఫా హిజ్రీ 157 (క్రీ.శ. 773-774) నాటి దీనారుకు నకలు కొట్టించాడు. అరబిక్ వరసల మధ్య అతని పేరు తలకిందులుగా ఉంటుంది. చెక్కినవాడికి అరబిక్ రాదు, పాపం. పడమటి ఐరోపాలోని ఫ్రాంకుల, సాక్సన్ల సన్నటి వెండి నాణేల జోలికి నేను పెద్దగా పోలేదు.

శుభ్రం చేయడానికి డిస్టిల్డ్ వాటర్, చెక్క పుల్ల, ఓపిక చాలు. వారాలు నానబెట్టండి, నీళ్లు మారుస్తూ ఉండండి. పుల్లటివేవీ తగలనివ్వకండి. చెంబు తోమినట్టు తోమి ఒక నాణెం మీది పల్చటి వెండి పూతను నేనే ఊడగొట్టాను. లేతాకుపచ్చ పొడి రాలుతుంటే అది కంచు జబ్బు. తేమ తగిలేకొద్దీ తింటుంది. దాన్ని విడిగా, పొడిగా పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లు కూడా లోహాన్ని పాడుచేస్తాయి.

కొనేటప్పుడు అంచు చూడండి. చుట్టూ సన్నటి అతుకు, మీద సూదిమొన పాటి బుడగల గుంటలు ఉంటే పోత పోసింది. చేత్తో కొట్టిన రెండు నాణేలు ఎప్పుడూ ఒకేలా పగలవు. ఒక అమ్మకందారు నాకు పంపిన జస్టీనియన్ నాణెం, తర్వాత ఇంకోచోట ఫొటోలో కనిపించినదీ ఒకే చోట, ఒకే వంకరతో పగిలి ఉన్నాయి. డబ్బు వెనక్కి రాలేదు. ఎక్కడినుంచి వచ్చిందో కాగితం అడగండి. తవ్వి దొంగిలించిన సరుకు మన పెట్టెలో ఉండకూడదు.

చీటీలో బరువు, వ్యాసం, బొరుసు, అడుగు, పేరు, ఈ వరసలోనే రాయండి. ఆ ఇరవైలో పద్నాలుగింటికి పేర్లు దొరికాయి, నాలుగింటికి బొరుసే. మిగతా రెండు నున్నగా అరిగిపోయాయి. ఒకదాని చీటీ మీద ఇలా ఉంది: రాగి, 1.02 గ్రాములు, 13 మిల్లీమీటర్లు, కింద అయిదు చుక్కలు.