బెజవాడ నుంచి కారులో హైదరాబాద్ వస్తున్నారా? ముందు ఇది చదవండి

ఇరవై ఏళ్లుగా హయత్‌నగర్‌లో ఉంటూ టూరిస్టు బండి నడుపుతున్నా. సెలవులొస్తే చాలు, మా తోడల్లుడి ఫోన్. "అన్నా, పెద్ద అంబర్‌పేట దాటేశాం, అరగంటలో చార్మినార్ దగ్గరుంటాం" అంటాడు. నాకు నవ్వొస్తుంది. ఈ ఊళ్లో దూరం ఎన్ని కిలోమీటర్లని అడగొద్దు, ఏ పూటని అడగండి.

బెజవాడ నుంచి దాదాపు 270 కిలోమీటర్లు. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి, సూర్యాపేటలో టీ తాగి వస్తే, ఆఫీసుల రద్దీ మొదలవకముందే ఎల్బీనగర్ దాటొచ్చు. పది గంటలకి అక్కడికి చేరేవాళ్లకి నేనేం చెప్పలేను.

అసలు నిర్ణయం హైవే, ఔటర్ రింగ్ రోడ్డు కలిసే పెద్ద అంబర్‌పేట దగ్గరే తీసుకోవాలి. మీ బస గచ్చిబౌలి, మాదాపూర్ వైపైతే ఊళ్లోకి రాకండి, ఔటర్ ఎక్కి శంషాబాద్ మీదుగా తిరిగి వెళ్లండి. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, మెహిదీపట్నం దారి తక్కువే గానీ ప్రతి సిగ్నల్ దగ్గరా క్లచ్ తొక్కీ తొక్కీ కాలు పడిపోతుంది. ఔటర్ మొత్తం 158 కిలోమీటర్లు, ఎంత తిరిగితే అంత టోలు. కుడివైపు రెండు లైన్లు 100 నుంచి 120 వేగంలో పోయేవాళ్లవి, ఎడమ రెండూ 40 నుంచి 80లో పోయేవాళ్లవి. కుడి లైన్లో డెబ్బైలో పోతూ పాటలు వినేవాళ్లే వెనక బళ్లన్నిటినీ ఎడమ నుంచి దూరేలా చేస్తారు. దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయిందా? పోనివ్వండి, తర్వాతది వస్తుంది. నాలుగు రూపాయలు ఎక్కువ పోతాయేమో గానీ ఔటర్ మీద రివర్సు మాత్రం వేయకండి.

పాతబస్తీకి కారు తీసుకెళ్లకండి. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే ఎంజీబీఎస్ (పెద్ద బస్‌స్టాండ్) ఏడో స్టేషన్. దిగి ఆటో మాట్లాడుకుంటే సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ రెండూ దగ్గరే. శుక్రవారం మాత్రం వద్దు. మ్యూజియంకి సెలవు, మక్కా మసీదు దగ్గర నమాజు జనం. గోల్కొండకి పొద్దున్నే వెళ్లండి. కోట దర్వాజాలు ఏనుగుల కాలంనాటివి, ఎదురుగా ఓ బస్సు వచ్చిందంటే మీరు ఆగాల్సిందే.

ఇక తిరుగు ప్రయాణం. పండగలప్పుడు అసలు పరీక్ష చౌటుప్పల్ దాటాక వచ్చే పంతంగి టోల్‌గేటు దగ్గరే. అక్కడ పొట్టి లైను చూసి దూరకండి, లారీలు తక్కువున్న లైను చూడండి. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో ముందురోజు రాత్రే చూసుకోండి. ఒక సంక్రాంతికి నేనే చూసుకోలేదు. గేటు లేవలేదు. వెనక ఇరవై బళ్లు ఒకటే హారన్లు. బండి మాట్లాడుకున్నవాళ్ల తాలూకు ముసలావిడ, "ఏం నాయనా, డబ్బులేసుకోవడం మర్చిపోయావా?" అని మెల్లగా అడిగింది. ఆ హారన్ల కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. గేటు దగ్గర ఒక్క బండి రెండు నిమిషాలు ఆగితే వెనక ఎంత దూరం నిలిచిపోతుందో ఆ రోజు అద్దంలో చూశా.

పండగ ముందు రెండు రోజులూ నేనైతే పంతంగి వైపే పోను. ఔటర్ మీద ఘట్‌కేసర్ దగ్గర దిగి, బీబీనగర్, భువనగిరి, రామన్నపేట మీదుగా చిట్యాలలో హైవే ఎక్కుతా. బీబీనగర్ దగ్గరా టోలుంది, కానీ పంతంగి అంత రద్దీ ఉండదు. దూరం పెరుగుతుంది, బండి మాత్రం కదులుతూ ఉంటుంది. గుంటూరు వైపు వాళ్లకి ఇంకో దారి ఉంది. ఔటర్ నుంచి బొంగుళూరు దగ్గర దిగి ఇబ్రహీంపట్నం, నాగార్జునసాగర్, మాచర్ల. ఇది పగటి దారి. రాత్రిపూట ఎదురు బళ్ల లైట్లు కళ్లల్లో కొడతాయి, చాలాచోట్ల మధ్యలో డివైడర్ ఉండదు.

హైవే మీద బండి ఆగిపోతే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. ఈలోపు బండిని ఎడమ అంచుకి తీసి, పిల్లల్ని దింపి రెయిలింగ్ అవతల నిలబెట్టండి. పంతంగి వైపే పోవాల్సి వస్తే మాత్రం, పిల్లల్ని బాత్రూంకి చౌటుప్పల్‌ లోపే తీసుకెళ్లండి. లైన్లో ఇరుక్కున్నాక ఆ మాట ఎవరంటే వాళ్లమీద కోపమొస్తుంది.