డాకింగ్‌లో ఆ ఒక్క నీటి అణువును ఎలా నిలుపుకోవాలి?

పత్తి మీద పేనుబంకకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ అయినా, పాతకాలపు పురుగుమందు నికోటిన్ అయినా పురుగు నరాల్లో సంకేతాలను అందుకునే ప్రోటీన్‌ను, అంటే ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్‌నే పట్టుకుంటాయి. ఆ పట్టును కంప్యూటర్‌లో లెక్కగట్టి చూడటమే డాకింగ్. అలా చూడాలనుకునేవాళ్ళు మొదట చేసే పని ప్రోటీన్ ఫైల్లోని నీళ్ళన్నీ తుడిచేయడం. ప్రతి ట్యుటోరియల్‌లోనూ అదే. దయచేసి మానండి.

కావలసినవి: అణువులను తెరమీద చూపే పైమాల్ (ఓపెన్ సోర్స్ రూపం), డాకింగ్ చేసే ఆటోడాక్ 4, ప్రోటీన్ నిర్మాణాల భాండాగారం పీడీబీ నుంచి 1యూడబ్ల్యూ6 ఫైలు. అన్నీ ఉచితంగా దొరుకుతాయి. ఈ ఫైల్లో ఉన్నది పురుగు రిసెప్టర్ కాదు, దాన్ని పోలిన మంచినీటి నత్త ప్రోటీన్, నికోటిన్‌తో సహా. ఐదు గొలుసుల ఉంగరం అది. రెండేసి గొలుసులు కలిసే చోట నికోటిన్ కూర్చునే ఒక్కో జేబు.

పైమాల్‌లో తెరిచి, నికోటిన్‌కు 3.5 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక్కోటి నానోమీటర్‌లో పదో వంతు) లోపలి నీళ్ళను ఎంచుకోండి. మిగతావి తీసేయవచ్చు.

ఇక జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మిగిలినవాటిలో ఏది ఉంచాలి? జేబులన్నిటినీ ఒకదానిపై ఒకటి పేర్చి చూడండి. అన్నిచోట్లా ఒకే స్థానంలో కనబడే నీరే నమ్మదగినది. ఒక్క జేబులోనే ఉండి, బీ-ఫ్యాక్టర్ (స్థానం ఎంత అస్థిరమో చెప్పే అంకె) చుట్టుపక్కల పరమాణువులకంటే బాగా ఎక్కువున్నదాన్ని నేను ఉంచను. ఇక్కడ నిలిచేది వంతెనలాంటి ఒక నీటి అణువు: ప్రోటీన్ గొలుసులోని అమైనో ఆమ్లాలైన లూసిన్ 102 కార్బోనిల్‌కూ (C=O) మెథియొనిన్ 114 ఎన్‌హెచ్‌కూ నడుమ కూర్చుని, నికోటిన్ పిరిడిన్ నైట్రోజన్‌ను అందుకుంటుంది.

దాన్ని ఉంచితే సరిపోదు, తిప్పాలి కూడా. ఎక్స్‌రేలో ఆక్సిజన్ ఒక్కటే కనబడుతుంది. హైడ్రోజన్లను సాఫ్ట్‌వేర్ తనకు తోచినట్టు పెడుతుంది. ఒక హైడ్రోజన్ లూసిన్ వైపు, రెండోది పిరిడిన్ వైపు చూడాలి. మెథియొనిన్ ఇచ్చే హైడ్రోజన్‌ను ఆక్సిజన్ తీసుకోవాలి. తిరగబడితే నీటి ఆక్సిజన్‌వీ పిరిడిన్ నైట్రోజన్‌వీ ఒంటరి ఎలక్ట్రాన్ జంటలు ఎదురెదురై మందును నెట్టేస్తాయి. మరో డాకింగ్ ప్రోగ్రామ్ వీనా వేగంగా పనిచేస్తుంది, నిజమే. కానీ హైడ్రోజన్ల దిశ దాని లెక్కలోకి రాదు. అందుకే ఈ పనికి ఆటోడాక్ 4 తప్ప మరోటి వాడకండి.

రిసెప్టర్ సిద్ధం చేసే స్క్రిప్టు చెప్పకుండానే నీళ్ళను తీసేస్తుంది. క్లీనప్ ఆప్షన్లలో 'వాటర్స్' లేకుండా చూసి, తయారైన ఫైల్లో హెచ్ఓహెచ్ (ఫైల్లో నీటి పేరు) ఉందో లేదో కళ్ళతో చూడండి.

ముందు నికోటిన్‌నే తిరిగి డాక్ చేయండి. అసలు స్థానం నుంచి తేడా 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు వస్తేనే ఇమిడాక్లోప్రిడ్‌కు వెళ్ళండి. దానిలోనూ పిరిడిన్ ఉంగరమే ఉంది. వచ్చిన ఫలితాన్ని పీడీబీలోని 2జెడ్‌జేయూ ఫైలుతో పోల్చుకోండి. అందులో ఇదే నత్త ప్రోటీన్ ఇమిడాక్లోప్రిడ్‌తో కలిసి ఉంది.