జింజా లూప్ దాటగానే మొత్తం సున్నా అయిపోతుంటే

పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఫ్లాస్క్‌లో బిల్లు పేజీ చేస్తున్నాను. పేజీ రూపాన్ని రాసే జింజా టెంప్లేట్‌లో ‘సెట్’తో మొత్తం అనే వేరియబుల్‌ని సున్నాగా పెట్టి, ఫర్ లూప్‌లో ఒక్కో వస్తువు ధర కలుపుతూ వెళ్లాను. లోపల ప్రింట్ చేస్తే 120, 45, 60 అని విడి ధరలే వస్తున్నాయి. బయటికొచ్చాక మళ్లీ సున్నా! ఒకటే టెన్షన్. రెండు గంటలు డేటాబేస్‌నే అనుమానించాను.

తప్పు అక్కడ లేదు. జింజాలో లూప్ లోపల సెట్ చేసిన విలువ ఆ ఒక్క చుట్టుకే పరిమితం. బయటి వేరియబుల్‌ని తాకదు. 2.10 వెర్షన్ నుంచి ఇందుకోసమే ‘నేమ్‌స్పేస్’ ఉంది; దానిలోని విలువను లూప్ లోపల మార్చినా బయట నిలుస్తుంది. లూప్‌కి ముందు దాన్ని ‘ఎన్ఎస్’ అనే పేరుతో, మొత్తం=0తో తయారుచేసుకుని, లోపల ‘ఎన్ఎస్ డాట్ మొత్తం’కి ధర కలిపాను. 225 వచ్చింది. ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు ఆ కూడికను వ్యూ ఫంక్షన్‌లోకే (టెంప్లేట్‌కి డేటా పంపే పైథాన్ కోడ్‌లోకే) మార్చేశాను. టెస్ట్ రాసుకోవడం అక్కడే తేలిక.