మోనాలిసా ముందు ఉసూరుమనకుండా ఉండాలంటే

టూరు ప్యాకేజీ కాగితం చేతికి రాగానే ఊళ్ల పేర్లు కాదు, వాటి పక్కనున్న మాటలు చదవండి. 'విజిట్' అంటే సాధారణంగా లోపలికి తీసుకెళ్తారు. 'ఫొటో స్టాప్' అంటే బస్సు కాసేపు ఆగుతుంది, బయటి నుంచే చూడాలి. 'డ్రైవ్ పాస్ట్' అంటే కిటికీలోంచే దండం పెట్టుకోవడం. అమీర్‌పేట ఏజెంటు నోటిమాటతో సరిపెట్టుకోకండి. ఎంట్రీ టికెట్ కలిసి ఉందో లేదో రాయించుకోండి.

తర్వాత కొలతలు చూడండి. నిరాశలో సగం సైజుదే. మోనాలిసా ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. కోపెన్‌హాగెన్‌లోని మత్స్యకన్య విగ్రహం, లిటిల్ మెర్మెయిడ్, ఎత్తు 1.25 మీటర్లు. బ్రస్సెల్స్‌లో ఉచ్చపోస్తూ నిలబడ్డ పిల్లాడి కంచు బొమ్మ, మన్నెకెన్ పిస్, రెండడుగులు కూడా లేదు. పైగా వీధిలో కనిపించేది నకలు, అసలుది గ్రాండ్ ప్లేస్‌లోని నగర మ్యూజియంలో ఉంది. హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి చూసి పెరిగిన కళ్లకు ఇవి ఆనవు. బయల్దేరే ముందే ఇంటి గోడ మీద 77×53 కొలతకు టేపు అంటించి, నాలుగైదు మీటర్లు వెనక్కి జరిగి చూడండి. అమ్మానాన్నలకూ చూపించండి. అక్కడ దొరికేది ఇంతే, అదీ అద్దం వెనక, ముందువాళ్లు పైకెత్తిన ఫోన్ల సందుల్లోంచి.

అలాగని మానుకోనక్కర్లేదు, వేళ చూసుకుని వెళ్తే చాలు. మోనాలిసా ఉన్న పారిస్ లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. గ్రూపు టూర్లు పల్చబడే సాయంత్రం స్లాటు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. ప్రవేశద్వారమైన గాజు పిరమిడ్ కిందికి దిగాక డెనాన్ వింగ్ వైపు వెళ్లాలి. దారూ మెట్లెక్కితే తల లేని రెక్కల విజయదేవత విగ్రహం వస్తుంది, నిజానికి దీని ముందే ఎక్కువసేపు నిలబడాలి. మోనాలిసా 711వ గదిలో ఉంది. బ్యాగు ఛాతీ మీదికి తిప్పుకోండి, జేబుదొంగలకు ఆ గుంపే కావాలి.

ఫొటో అయ్యాక వెనక్కి తిరగండి. చాలామంది చేయనిది ఇదే. ఎదురు గోడ మీద వెరొనీసే గీసిన 'కానా పెళ్లి విందు' బొమ్మ సుమారు 10 మీటర్ల వెడల్పు, అయినా అందరి వీపులూ దానివైపే. పక్కనే గ్రాండ్ గ్యాలరీలో డావిన్చీవే మరికొన్ని బొమ్మలున్నాయి, వాటి దగ్గర తోపులాట తక్కువ.

సింగపూర్‌లో సింహం తల, చేప ఒళ్లు ఉన్న మెర్లయన్‌ విగ్రహం దగ్గరికి మిట్టమధ్యాహ్నం వెళ్తే ఎండ తప్ప ఏం మిగలదు. సాయంత్రం ఏడున్నరకు చేరితే, నీళ్లకు అవతల మెరీనా బే శాండ్స్ హోటల్ దగ్గర 8 గంటలకు మొదలయ్యే ఉచిత లైట్ల షో కూడా దూరం నుంచి కలిసొస్తుంది.

ఎక్కడైనా మనసుకు ఎక్కకపోతే, ఇంత ఖర్చుపెట్టి వచ్చాం కదా అని గంట నిలబడకండి. పదిహేను నిమిషాలు చాలు. నడిచి వెళ్లగలిగే రెండో చోటు మ్యాపులో ముందే గుర్తుపెట్టుకోండి. మెర్మెయిడ్‌కు దగ్గర్లోనే నక్షత్రం ఆకారంలో కస్టెల్లెట్ కోట ఉంది. ప్రవేశం ఉచితం, గట్ల మీద చుట్టూ నడవొచ్చు.