గోల్కొండ గోడల్లో రాళ్ల నడుమ సున్నం నింపే పద్ధతి

గోల్కొండ గోడల్లోని గ్రానైట్ రాయి ఎండవానలకు అంత త్వరగా అరగదు. ముందుగా పాడయ్యేది రాళ్ల నడుమనున్న గచ్చు, అంటే రాళ్లను పట్టి ఉంచే సున్నం-ఇసుక మిశ్రమం. అందువల్ల రాయిని మార్చాలన్న తొందర మాని, గచ్చును బాగుచేయడమే అసలు పని అని గుర్తించాలి. కోట 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద రక్షిత కట్టడం కాబట్టి, పురావస్తు శాఖ అనుమతి, పర్యవేక్షణ లేకుండా ఒక్క రాయిని కూడా కదపకూడదు.

మొదట గోడను ఫొటోలు తీసి, కదిలిన రాళ్లకు నంబర్లు వేయాలి. చిన్న సుత్తితో మెల్లగా తట్టినప్పుడు గట్టి రాయి ఖంగుమంటుంది, లోపల బీట ఉన్న రాయి మొద్దుగా పలుకుతుంది. కొండబండల మీదనే గోడ లేచిన చోట్ల, బండకూ కట్టుబడికీ మధ్యనున్న సందును ప్రత్యేకంగా చూడాలి. బండ మీది వాననీరంతా అక్కడికే దిగుతుంది. సందుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలను లాగితే వేరుతో పాటు రాయీ ఊడివస్తుంది. కాబట్టి మొదలు దగ్గర కోసి, కోసిన చోట కలుపుమందు పూసి, వేరు చచ్చేదాకా ఆగాలి.

గతంలో ఎవరైనా సిమెంటు పూసి ఉంటే దాన్ని గ్రైండరుతో కాక, ఉలితో చేతిపనిగానే తీయాలి. ఆ సిమెంటు గోడలోని తేమను బయటికి పోనివ్వదు; తేమతో వచ్చిన ఉప్పు రాతి ముఖం వెనుక గడ్డకట్టి పొరలు పొరలుగా రాల్చేస్తుంది. ఇంత మంచి గోడలకు ఈ నష్టం మనుషుల చేతుల మీదుగా జరగడం నిజంగా బాధాకరం.

సందు వెడల్పుకు రెండింతల లోతు వరకు వదులుగా ఉన్న పాత గచ్చును తీసి, దుమ్ము దులిపి, నీళ్లు చల్లాలి. కాల్చిన సున్నపురాళ్లను నీళ్లలో వేస్తే బుసబుస పొంగి చిందుతాయి కనుక కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఆ సున్నాన్ని జల్లించి, కొన్ని వారాలు నీటిలోనే నాననిచ్చి, ఒక వంతుకు రెండున్నర నుంచి మూడు వంతుల కడిగిన ఇసుక చేర్చి గానుగలో నూరాలి. ఇసుకలో కొంత భాగానికి బదులుగా ఇటుక పొడి వాడవచ్చు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలపడం మన మేస్త్రీల పాత అలవాటే గానీ, పాత గచ్చు ముక్కను పరీక్ష చేయించి, దానికి సరిపోలేలా పాళ్లు నిర్ణయించడం మేలు.

గచ్చును పలుచని పొరలుగా లోపలికి దట్టించి, రాతి అంచుకు కాస్త లోపలికే ఆపాలి. పైన తడి గోనెసంచులు కప్పి కనీసం రెండు వారాలు తడిపాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది, కాబట్టి మండువేసవిలోగానీ కుండపోత వానల్లోగానీ ఈ పని పెట్టుకోకూడదు. తొలి వానాకాలం దాటాక గోటితో గీరి చూసి, పొడి రాలిన చోట తిరిగి నింపాలి.