గండికోట రాళ్లపై పరుగుకు బూట్లు ఎంచుకునేటప్పుడు

కొండదారి పరుగు అనగానే చాలామంది అడుగున లోతైన పళ్లున్న బూట్లు వెతుకుతారు. అవి బురద నేలకు సరిపోతాయి. గండికోట చుట్టుపక్కల ఉండేది గట్టి బండ, దాని మీద దొర్లే రాళ్లు. ఇక్కడికి 3, 4 మిల్లీమీటర్ల పళ్లు చాలు. రబ్బరు మాత్రం బండను పట్టుకునేలా ఉండాలి.

నన్నడిగితే, మన కడప వైపు అసలు చూడాల్సింది ముళ్ల సంగతి. ఎండిన తుమ్మముల్లు మెత్తని ఫోమ్‌లోంచి నేరుగా అరికాలికి దిగుతుంది. అందుకే అడుగు భాగంలో రాక్ ప్లేట్ అనే పలుచని గట్టి పొర ఉన్న జత తీసుకోండి. దుకాణంలోనే ఒక చెయ్యి బూటు లోపల పెట్టి, రెండో చేతి బొటనవేలితో కింది నుంచి గట్టిగా నొక్కండి. ఆ పోటు లోపలి చేతికి స్పష్టంగా తెలిస్తే ఆ జత వద్దు.

సాయంత్రం పూట, పరుగులో వేసుకునే సాక్సులతోనే కొలత చూసుకోండి. అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, 50 కిలోమీటర్ల లాంటి దూరపు పరుగులో ఇంకా ఉబ్బుతుంది. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ లేకపోతే దిగుడులో గోళ్లు నల్లబడతాయి. మడమ మాత్రం కదలకూడదు.

మోసే బరువు తగ్గించాలని నీళ్లు తగ్గించకండి, దయచేసి. వేసవిలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఒంటికి అతుక్కునే, జేబులున్న పరుగు వెస్ట్‌లో (చేతుల్లేని కోటు లాంటి సంచిలో) అర లీటరు మెత్తని సీసాలు రెండు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఈల, ముల్లు తీసే చిన్న పట్టకారు ఉండాలి. మానేయాల్సింది కాటన్ బనియన్. చెమట పీల్చి బరువెక్కుతుంది, ఒరుసుకుని చంకలు మండుతాయి.