ఆర్‌వీలో (ఇల్లులాంటి క్యాంపింగ్ బండిలో) నీళ్ళు సన్నగా వస్తున్నాయా?

అమెరికాలోని యూటాలో మోయాబ్ దగ్గర క్యాంపులో మా ఆవిడ తలకి షాంపూ పెట్టుకున్నాక షవర్ దారంలా అయిపోయింది. పంపు మాత్రం గరగరమంటూనే ఉంది. వెంటనే కొత్త పంపు కొనకండి. ముందు ట్యాంకులో నీళ్ళున్నాయా చూడండి (నవ్వకండి, నేనూ చూడలేదు). ఒక్క కుళాయే సన్నగా వస్తే దాని మూతి జాలీ విప్పి కడగండి.

అన్నీ అలాగే ఉంటే పంపు ఆపి, కుళాయి తిప్పి ప్రెషర్ వదిలి, పంపు ముందున్న స్ట్రైనర్ (చెత్తను ఆపే జాలీ) గిన్నె విప్పండి. మా దాంట్లో తెల్ల ప్లాస్టిక్ తురుము, అచ్చం కొబ్బరి కోరులా! తిరిగి బిగించేటప్పుడు రబ్బరు రింగు సరిగ్గా కూర్చోవాలి. లేదంటే పంపు గాలి పీల్చుకుని కుళాయి తుపుక్కు తుపుక్కుమంటుంది. యాంటీఫ్రీజ్ (చలికాలంలో పైపులు గడ్డకట్టకుండా పోసే ద్రవం) పీల్చే వాల్వు కాస్త తెరిచి ఉన్నా అంతే.

ఇంకా బలం రాకపోతే పంపు నడుస్తుండగా దాని వైర్లకు మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెట్టండి. 12 వోల్టుల పంపుకి 11 కూడా అందకపోతే తప్పు బ్యాటరీది, లేదా వదులైన కనెక్షన్‌ది.